కంటికి కనపడని గరుకు

ఇంటి నుంచి, వంటగది బల్ల దగ్గర
ఫిబ్రవరి 6

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఫోనుకి ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు. ప్రతిసారీ ఆ అమ్మాయి గొంతే, నువ్వు అందుబాటులో లేవని చెబుతోంది. నేలకి పూత వేస్తున్నావా, నేలలో దాక్కున్నావా? నీకు పని ఇచ్చిన బిల్డరు ఆఫీసులో అడిగితే ఈ చిరునామా ఇచ్చారు. అందుకే కాగితం తీశాను.

మంచి వార్త కాదు. అత్తయ్య పడ్డారు. సోమవారం పొద్దున, గ్యారేజీ పక్క బట్టలగదిలో, రెంటికీ కలిపి నువ్వు పూత వేసి వెళ్ళిన నేల మీదే. నువ్వు వెళ్ళి అప్పటికి పన్నెండు రోజులు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి లోపల స్టీలు కడ్డీ వేశారు. ప్రాణానికి భయం లేదన్నారు.

తప్పు నాది. వాషింగ్ మెషిన్ నీళ్ళు వదిలేటప్పుడు గొట్టం దగ్గర కాస్త సబ్బునీరు కారుతుంది, నీకూ తెలుసు కదా. కారడం చూశాను. బట్టలు ఆరేసి వచ్చి తుడుద్దాంలే అనుకుని మేడెక్కాను. మూడో దుప్పటి తీగ మీద వేస్తుంటే కింద చప్పుడైంది. స్టీలు బకెట్టు పడిందనుకున్నాను. బకెట్టుతో పాటు మనిషి కూడా పడిందని దిగి వచ్చేదాకా తెలియలేదు.

ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. మీ బావ మర్నాడు మెషిన్ పక్కన గోడకి మేకు కొట్టి తుడుపుగుడ్డ తగిలించాడు, అంతే. మా ఆడపడుచు ఆస్పత్రికి వచ్చి "సబ్బునీళ్ళేనా?" అని అడిగింది. అవునన్నాను. "ఊఁ" అంది. తిడితే తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని. ఆ "ఊఁ"కి ఏం జవాబు చెప్పను?

నీకు తెలుసుగా అత్తయ్య సంగతి. ముప్పై రెండేళ్ళు భుజాన సంచీ వేసుకుని వీధి వీధీ తిరిగి ఉత్తరాలు పంచిన మనిషి. ఆఫీసువాళ్ళు సైకిలిస్తామంటే కాళ్ళుండగా చక్రాలెందుకు అన్న మనిషి. అలాంటావిడకి నేను మంచం మీద పళ్ళెం పెడుతున్నాను. ఆవిడ మొహం చూడటానికి నాకు మొహం చెల్లడం లేదు.

నీ నేలకి మాత్రం ఒక్క గీత పడలేదురా. బకెట్టు అంత ఎత్తు నుంచి పడ్డా చెక్కుచెదరలేదు. అద్దంలాగే ఉంది.

ఉత్తరం రాయి. ఫోను ఎలాగూ ఎత్తవు.

అక్క

పని దగ్గర నుంచి, రేకుల గది
ఫిబ్రవరి 15

అక్కకి,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ సిగ్నల్ అందదు, ఫోను జేబుకి బరువు తప్ప ఎందుకూ పనికిరావడం లేదు. ఉత్తరాలే నయం.

అత్తయ్య సంగతి చదివి చాలా బాధ కలిగింది. నువ్వు నీ మీద వేసుకోకు. పెద్దవాళ్ళు పడుతూ ఉంటారు. సబ్బునీళ్ళంటే ఏ నేల మీదైనా జారుడే కదా, ఇది ప్రత్యేకం ఏమీ కాదు.

ఇక్కడ పని పెద్దది. శీతల గిడ్డంగి, లోపల పదిహేను లారీలు నిలబెట్టొచ్చు. ముందు నేలంతా మెషిన్‌తో గీకాలి, లేకపోతే పూత కాంక్రీటుని పట్టుకోదు. సాయంత్రానికి మా కనుబొమలు కూడా తెల్లబడిపోతాయి. నిన్న భోజనాల దగ్గర వంటమనిషి నన్ను "తాతా" అన్నాడు. తర్వాత రెండు డబ్బాల్లోని పూత మందుని ఒక బకెట్టులో పోసి కలుపుతాం. కలిపిన అరగంటలో నేల మీద పడాలి, ఆలస్యమైతే బకెట్టులోనే రాయి అయిపోతుంది. ఇవన్నీ నీకెందుకు రాస్తున్నానో తెలియదు.

ఆరు రబ్బరు చాపలు పార్సిల్ చేశాను. బట్టలగదిలో గుమ్మం నుంచి మెషిన్ దాకా పరుచు. గ్యారేజీలో కూడా రెండు వెయ్యి.

అత్తయ్య ఏమైనా అన్నారా? అంటే, నేల గురించి? ఊరికే అడుగుతున్నాను.

నీ తమ్ముడు

ఇంటి నుంచి, అత్తయ్య గది కిటికీ దగ్గర
మార్చి 9

తమ్ముడూ,

చాపలు వచ్చాయి. ఇంట్లో ఉన్న కాళ్ళన్నీ లెక్కేసినా ఇన్ని చాపలు అక్కర్లేదు. నీ నేల మెరుపు చూసినప్పటి నుంచి మీ బావ నిన్ను అద్దాల మేస్త్రీ అంటున్నాడులే. పార్సిల్ విప్పగానే, "ఏంటే మీ అద్దాల మేస్త్రీ, అద్దం చేసిచ్చి దాని మీద దుప్పట్లు కప్పుకోమంటున్నాడు? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడట!" అని నవ్వాడు.

అత్తయ్య లోపల్నుంచే ఆయన్ని కసిరారు. "ఆ అబ్బాయిని ఏమీ అనకు. తను చెయ్యాల్సింది తను చేశాడు" అన్నారు. నీ తరఫున అంత గట్టిగా మాట్లాడతారని నేను అనుకోలేదు. మీ బావ నోరు మూసుకుని చాపలు పరిచాడు.

అత్తయ్య ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చి మూడు వారాలైంది. ఎముక చక్కగా అతికిందట. రోజు విడిచి రోజు ఒక అమ్మాయి వచ్చి వ్యాయామం చేయిస్తుంది. అత్తయ్య ఆ అమ్మాయికి టీ ఇప్పిస్తారు, వాళ్ళమ్మ ఆరోగ్యం అడుగుతారు, పడుకుని చేసేవన్నీ బుద్ధిగా చేస్తారు. నిలబడమంటే మాత్రం నిలబడరు. మంచం అంచున కూర్చుని పాదాలు నేలకి ఆనించి, ఒక్క క్షణం చూసి, మళ్ళీ పైకి లాక్కుంటారు. "వీటి మీద నాకు నమ్మకం లేదమ్మా" అంటారు. ఎందుకు లేదో చెప్పరు.

నేను పక్కన నిలబడి చూస్తూ ఉంటాను. ఒక్కసారి తుడుపుగుడ్డ పట్టుకోని పాపానికి ఈవిడకి ఈ గతి పట్టింది కదా అనిపిస్తుంది. ఇంటికి ఎవరొచ్చినా "ఎలా పడ్డారు?" అని అడుగుతారు. నేనే ముందుగా "నా వల్లే" అని చెప్పేస్తున్నాను. ఇంకొకరు చెబితే వినే ఓపిక లేదు.

ఉత్తరం వస్తే ఆవిడకి ఎంత సంబరమో. కవరు చేతిలోకి తీసుకుని బరువు చూస్తారు, ముద్ర చూస్తారు, ఎన్ని రోజులు పట్టిందో చెప్పి వెనక్కి ఇచ్చేస్తారు. విప్పరు. ఇంకొకరి ఉత్తరం చదవడం వాళ్ళ జేబులో చెయ్యి పెట్టడమేనట. నన్నే పైకి చదవమంటారు. నువ్వు నేల గురించి అడిగిన ముక్క కూడా చదివాను. "ఏమీ అనలేదని రాయి. బాగా చేశాడని రాయి" అన్నారు. రాశాను.

అక్క

పని దగ్గర నుంచి
మార్చి 18

అక్కకి,

ఇది మూడో కాగితం. రెండు చింపేశాను.

అత్తయ్య నిజంగా ఆ మాటే అన్నారా? చెయ్యాల్సింది చేశాడనే అన్నారా?

చాపలు ఒక్కటి కూడా తియ్యొద్దు. ఉతికినా వెంటనే మళ్ళీ వేసెయ్యి. వీలు చూసుకుని వచ్చి ఆ గదికి ఇంకో పూత వేస్తాను. ఇప్పుడున్నదాంట్లో ఏదో ఉందని కాదు. పై పూత ఇంకాస్త... వచ్చాక చూద్దాంలే.

నువ్వు సబ్బునీళ్ళ గురించి ఇంక రాయకు అక్కా. చదవలేకపోతున్నాను. వచ్చినవాళ్ళకి నా వల్లే, నా వల్లే అని నువ్వు చెప్పుకోవాల్సిన పనిలేదు. ఏదో జరిగింది, అంతే.

నిన్న బిల్డరు వచ్చి సగం పూర్తయిన నేల మీద బూట్లతో నడిచి, "మీ అక్కగారింట్లో చూసినంత మెరుపు రావాలి" అన్నాడు. వస్తుందన్నాను.

ఈ ఉత్తరం అత్తయ్యకి చదవకు.

నీ తమ్ముడు

ఇంటి నుంచి
ఏప్రిల్ 7

తమ్ముడూ,

డాక్టరు నిన్న వచ్చి చూశారు. బయట వరండాలో మా ఇద్దరికీ చెప్పారు. ఈ నెల దాటిందంటే కండ కరిగిపోతుంది, ఆ తర్వాత ఆవిడ నిలబడాలనుకున్నా నిలబడలేరు. జీవితాంతం మంచమే. "నొప్పి కాదు, భయం. భయం ఎందుకో మీరే కనుక్కోండి" అన్నారు.

ఈ మధ్యాహ్నం తల దువ్వుతూ అడిగాను. నాకు ఏడుపొచ్చేసింది. సబ్బునీళ్ళు వదిలేసినందుకు నన్ను నాలుగు తిట్టండి, తిట్టి లేచి నిలబడండి అన్నాను. ఆవిడ దువ్వెన పట్టుకున్న నా చెయ్యి ఆపేశారు. తర్వాత చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"నీ సబ్బునీళ్ళు కాదే పిచ్చిదానా, నా కాళ్ళు. రెండేళ్ళుగా అరికాళ్ళలో తిమ్మిరి. షుగరు వల్లన్నారు. మీతో చెబితే గేటు దాటనివ్వరని చెప్పలేదు. మీ తమ్ముడు నేల వేసేటప్పుడు పక్కకి పిలిచి ఈ తిమ్మిరి సంగతి చెప్పి అడిగాను. నాయనా, బట్టలగదిలో నున్నగా వద్దు, గరుకు పొడి ఏదో చల్లుతారటగా, అది చల్లు, ఎందుకో ఎవరికీ చెప్పకు అని. సరేనన్నాడు. మర్నాడు వేశావా అని అడిగితే, 'వేశానత్తయ్యా, కంటికి కనపడనంత సన్నం, కాలికి తెలుస్తుంది' అన్నాడు. అతను వెళ్ళాక రోజూ చెప్పులు విడిచి ఆ నేల మీద నిలబడి చూశాను. నాకేమీ తెలియలేదే. నున్నగానే ఉంది. అప్పుడే అర్థమైంది, నా పాదాలు పూర్తిగా చచ్చుబడ్డాయని. పన్నెండు రోజులు చూశాను, ఆ పన్నెండో రోజునే పడ్డాను. గరుకు కూడా తెలియని కాళ్ళని నమ్మి ఎలా నిలబడను?"

ఒక సిగ్గుమాలిన సంగతి నీకు మాత్రమే చెబుతున్నాను. ఇదంతా విన్నాక నాకు ముందు కలిగింది దుఃఖం కాదు. అమ్మయ్య, నా వల్ల కాదు అన్న సంతోషం. ఆవిడ తన కాళ్ళు చచ్చిపోయాయని చెబుతుంటే నేను లోపల తేలికపడ్డాను. ఎలాంటి మనిషినిరా నేను?

ఇప్పుడు నీతో ఒక పని. ఇందాక నేనే వెళ్ళి చెప్పులు విడిచి ఆ నేల మీద నిలబడ్డాను. నాకూ ఏమీ తెలియలేదు. ఆ మాట ఆవిడతో అంటే, జాలిపడి చెబుతున్నావు పో అన్నారు. పని చేసినవాడి మాటైతే నమ్ముతారు. ఆ పొడి ఎంత సన్నమంటే ఎవరి కాలికీ తెలియదు, నేనే మాటవరసకి అన్నాను అని ఒక్క ముక్క రాయి. పైకి చదివి వినిపిస్తాను. ఆ ఒక్క ముక్కతో ఆవిడ లేస్తారు.

ఈ నెల దాటకుండా రాయాలి. మర్చిపోకు.

అక్క

పని దగ్గర నుంచి
ఏప్రిల్ 16

అక్కా,

నువ్వు అడిగిన ముక్క రాశాను. "ఆ పొడి ఎవరి కాలికీ తెలియదు అత్తయ్యా" అని రాసి, కవర్లో పెట్టి, అంటించి, పోస్టు డబ్బా దాకా వెళ్ళాను. వెయ్యలేక తెచ్చి చింపేశాను. ఎందుకంటే అది చదివితే అత్తయ్య లేస్తారు. లేచి, గరుకు ఉందనుకుని మళ్ళీ ఆ నేల మీదే నడుస్తారు.

ఆ నేల మీద గరుకు లేదు. నేను వెయ్యలేదు. ఒక్క గింజ కూడా చల్లలేదు.

మొత్తం చెబుతాను. గరుకు పొడిని చివరి పూత తడిగా ఉండగానే చల్లాలి. పొడి సంచీ వ్యానులో ఉంది. తీసుకొద్దామని లేచాను. అప్పుడే గ్యారేజీ షట్టర్ కింద నుంచి సాయంకాలం ఎండ లోపలికి వచ్చి బట్టలగది దాకా నేలంతా పరుచుకుంది. పైకప్పు, గోడ మీద బావ సైకిలు, నేను, అన్నీ అందులో కనిపించాయి. పన్నెండేళ్ళుగా ఈ పని చేస్తున్నాను, అంత నున్నని పూత నా చేతి మీద ఎప్పుడూ రాలేదు. పొడి చల్లితే ఆ మెరుపు పోతుంది, మసకబారుతుంది. మర్నాడు పొద్దున బిల్డరు నా పని చూడటానికి వస్తానన్నాడు. ఈ గిడ్డంగి పని నాకిస్తాడో లేదో ఆ నేల చూసే తేలుస్తాడు. అతను చూసి వెళ్ళాక గరుకుతో ఇంకో పూత వేద్దాం అనుకున్నాను. అలా అనుకుంటుండగానే పూత ఆరిపోయింది.

బిల్డరు చూశాడు. అక్కడికక్కడే పని నాకిచ్చాడు. మూడు రోజుల్లో రమ్మన్నాడు. ఇంకో పూతకి ఒకరోజు పని, మూడు రోజులు ఆరబెట్టడం. ఆలస్యమైతే పని వేరేవాడికి పోతుంది. అప్పుడే అత్తయ్య గుమ్మంలో నిలబడి, "వేశావా నాయనా?" అన్నారు. వేశానని నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక దానికి ఇంకో మాట అతికించాను, కంటికి కనపడదు, కాలికి తెలుస్తుంది అని. తన పాదాలు తిమ్మిరని నాతో చెప్పిన మనిషి ముందే అన్నాను అక్కా. ఏదైనా అనుమానం వస్తే తన కాలినే అనుమానించుకుంటుంది తప్ప నన్ను అడగదని అప్పుడు నాకు తోచిందో లేదో ఇప్పుడు చెప్పలేను. తోచలేదని ఒట్టేసి మాత్రం చెప్పలేను.

పైన పటారం, లోన లొటారం అని అమ్మ అంటూ ఉండేది చూడు, ఆ నేలా అంతే, నేనూ అంతే.

ఇంకో అబద్ధం. ఇక్కడ సిగ్నల్ ఉంది. గది బయట నిలబడితే నాలుగు గీతలూ వస్తాయి. ఆవిడ పడ్డారని నీ మొదటి ఉత్తరంతోనే తెలిసింది, కానీ అంతకు ముందే, వచ్చిన మొదటి రోజు నుంచే నీ ఫోను ఎత్తలేదు. గరుకు మాట ఎప్పుడైనా వస్తుందని భయం. నీతో కాగితం మీద అయితే అబద్ధం ఆడగలను, గొంతుతో ఆడలేను. ఫోనులో "ఏంట్రా" అని నువ్వు ఒక్కసారి అంటే మొత్తం కక్కేసేవాణ్ణి. తేలు కుట్టిన దొంగలా మూడు నెలలు ఈ రేకుల గదిలో కూర్చున్నాను. నువ్వు నా తప్పు, నా తప్పు అని రాస్తుంటే చదివి మడిచి పెట్టెలో పెట్టుకున్నాను. తర్వాత ఆ చేత్తోనే అన్నం తిన్నాను.

ఈ ఉత్తరం అత్తయ్యకి పైకి చదువు. బావ ఇంట్లో ఉన్నప్పుడే చదువు. ఒక్క ముక్క కూడా వదలొద్దు, నన్ను కాపాడొద్దు. అత్తయ్యకి ఒక్కటే చెప్పు. మీ కాళ్ళు మీకు నిజమే చెప్పాయి. నేను చెప్పలేదు.

తమ్ముడు

ఇంటి నుంచి
మే 3

ఏమని పిలవాలో తెలియక పైన ఏమీ రాయలేదు.

నీ ఉత్తరం ఏప్రిల్ ఇరవైన వచ్చింది. పోస్టుమాన్ చేతిలోంచి నేనే తీసుకున్నాను, వంటగదిలో నిలబడి చదివాను, మడిచి పిండి డబ్బా కింద పెట్టాను. పదకొండు రోజులు అక్కడే ఉంది. నీ కోసం అనుకోకు. నా కోసం. ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో మా తమ్ముడు, మా తమ్ముడు అని తలెత్తుకు తిరిగాను. ఈ ఉత్తరం చదివాక మీ బావ ముందు ఆ తల ఎక్కడ పెట్టుకోను? నా సబ్బునీళ్ళే నయం, వాటికి ఎలాగూ అలవాటు పడ్డాను అనుకున్నాను. అవతల డాక్టరు చెప్పిన నెల అయిపోతోంది. రోజూ ఆవిడ పిక్కలు ఇంకాస్త సన్నబడటం నా కళ్ళతో చూస్తూనే ఆ డబ్బాలోంచి పిండి తీసి రొట్టెలు చేశాను. నిన్ను తిట్టే అర్హత కూడా లేకుండా చేసుకున్నాను.

మే ఒకటిన అత్తయ్యే అడిగారు. "ఇరవైన గేటు చప్పుడైంది. మీ తమ్ముడి ఉత్తరమేనా?" అవునన్నాను. "ముప్పై రెండేళ్ళలో ఎవరి ఉత్తరాన్నీ నా సంచీలో ఒక్క పూట ఎక్కువ ఉంచలేదు. నువ్వు పదకొండు రోజులు ఉంచావు. అంత బరువుగా ఉందా?" అన్నారు. నేను ఆవిడ మంచం దగ్గరే కూలబడ్డాను.

మీ బావ సెలవులో ఇంట్లోనే ఉన్నాడు. పిలిచాను. మొత్తం చదివాను, నువ్వు చెప్పినట్టే ఒక్క ముక్క వదలకుండా.  మీ బావ లేచి బట్టలగదిలోకి వెళ్ళాడు. చాప తొలగించిన చప్పుడు, చెప్పులు విడిచిన చప్పుడు వినిపించాయి. తిరిగి వచ్చి, "ఎంత గొప్పగా చెప్పుకున్నానే వీడి గురించి అందరికీ" అన్నాడు. ఆ తర్వాత నీ మాట ఎత్తలేదు. ఎప్పుడు ఎత్తుతాడో నాకు తెలియదు.

అత్తయ్య ఒక్క వాక్యం మళ్ళీ చదవమన్నారు. "ఒక్క గింజ కూడా చల్లలేదు" అన్నది. చదివాను. ఇంకోసారి అన్నారు. మళ్ళీ చదివాను. అప్పుడు కాళ్ళ మీది దుప్పటి తీసి పాదాలు చూసుకున్నారు. "వంటింట్లో గరుకుగా ఏమున్నాయో పళ్ళేల్లో పోసి పట్టుకురా" అన్నారు.

నాలుగు పళ్ళేలు తెచ్చాను. కల్లుప్పు, పంచదార, గోధుమ రవ్వ, సన్న ఉప్పు. ఆవిడ కళ్ళు మూసుకున్నారు. మీ బావ నేల మీద కూర్చుని వాళ్ళమ్మ పాదం ఎత్తి ఒక్కో పళ్ళెంలో పెట్టాడు. "కల్లుప్పు" అన్నారు వెంటనే. తర్వాత "రవ్వ", ఆ తర్వాత "ఇది పంచదార, నన్ను మోసం చెయ్యకండి" అన్నారు. రెండూ సరిగ్గానే చెప్పారు. సన్న ఉప్పు దగ్గర తడబడ్డారు, కుడి పాదానికి అసలు తెలియలేదు. "అయితే సగం ఉన్నాయి. సగమైనా ఉన్నాయి కదా" అని, నవ్వబోయి ఏడ్చారు. ఆస్పత్రిలో కూడా ఏడవని మనిషి.

తర్వాత మంచం పట్టె పట్టుకుని లేచారు. నేను అంకెలు లెక్కపెట్టాను. నలభై దాకా నిలబడ్డారు.  నిన్న అరవై. ఇవాళ వ్యాయామం అమ్మాయి వస్తే, ఆ అమ్మాయి భుజం పట్టుకుని కిటికీ దాకా ఆరడుగులు వేశారు. టీ మాటే మర్చిపోయారు.

నిన్ను క్షమించాననుకోకు. నా కోపం గరుకు గురించి కాదు. వచ్చిపోయే ప్రతి మనిషికీ నా వల్లే అని చెబుతున్నానని నీకు రాశాను, నువ్వు చదివావు, చాపలు పంపావు. అది మర్చిపోవడానికి నాకు చాలా రోజులు పడుతుంది. ఎన్ని రోజులో అడగకు.

అత్తయ్య నీకు విడిగా రాస్తానన్నారు. ఏం రాస్తారో నాకు తెలియదు, నాకు చూపించరు కూడా.

అక్క

హాలు, కిటికీ పక్క కుర్చీ
మే 8

నాయనా,

నేను ఉత్తరాలు మోసింది ఎక్కువ, రాసింది తక్కువ. తప్పులుంటే సర్దుకుని చదువుకో.

నీ మీద నాకు కోపం ఉంది. ముసలిదాన్ని కదా, పెద్దమనసుతో పోనీలే అంటానని చూడకు. పడినందుకు కాదు. పడటం ఎవరికైనా వస్తుంది. రెండేళ్ళ పాటు ఈ పాదాలు తిమ్మిరెక్కినా నన్ను మోశాయి. వాటిని నేను మూడు నెలలు చచ్చిన కాళ్ళని తిట్టాను. రోజూ పొద్దున లేచి వాటి మొహం చూడకుండా దుప్పటి కప్పాను. అవి పన్నెండు రోజులూ నాకు చెబుతూనే ఉన్నాయి, నేల నున్నగా ఉందే, నున్నగా ఉందే అని. నేను నీ మాట నమ్మి వాటి మాట నమ్మలేదు. అదీ నా కోపం.

అయితే నా సంగతి కూడా రాయాలి, లేకపోతే ఈ ఉత్తరం నిజమైనది కాదు. నా కోడలు రెండు నెలలు సబ్బునీళ్ళు, సబ్బునీళ్ళు అని వచ్చినవాళ్ళందరి ముందూ తల దించుకుంది. తప్పు నా కాళ్ళదే అని అప్పటికి నేను అనుకుంటున్నాను. అయినా నోరు విప్పలేదు. కాళ్ళ తిమ్మిరి బయటపడుతుందని ఆ పిల్లని అలాగే ఏడవనిచ్చాను. నా కూతురు "ఊఁ" అన్నప్పుడు పక్క మంచం మీద నేను మెలకువగానే ఉన్నాను. ఇది నీ అక్కకి నిన్న చెప్పుకున్నాను.  ఆ పిల్ల వెళ్ళి నాకు వేడినీళ్ళు తెచ్చింది. నువ్వు అబద్ధం ఆడావు, నేను నిజం దాచాను, నీ అక్క ఉత్తరం దాచింది. నీది పెద్దదే, నాదీ చిన్నదేం కాదు.

మా అబ్బాయి ఆ నేల వేరేవాళ్ళతో గీకించేస్తానన్నాడు. వద్దన్నాను. నువ్వే గీకాలి. నువ్వే గరుకు చల్లాలి. చల్లేటప్పుడు నేను గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటాను, గింజ గింజా చూస్తాను. మెరుపు పోతే పోనీ. ఆరాక ముందు నువ్వు చెప్పులు విడిచి నీళ్ళు పోసి దాని మీద నడవాలి. తర్వాత నేను నడుస్తాను. మావాడు నీతో మాట్లాడకపోవచ్చు. నీ పని నువ్వు చెయ్యి.

అక్కడి పని ఒప్పుకున్నావు కాబట్టి పూర్తిచేసే రా. కానీ అది లారీలు నడిచే నేల, మనుషులు కూడా నడుస్తారు. బిల్డరు మెరుపు కావాలన్నా సరే, ఎక్కడ తడి పడుతుందో అక్కడ గరుకు వెయ్యి. వెయ్యకుండా ఈ ఇంటికి రాకు.

వచ్చినప్పుడు బెల్లు ఒక్కసారే కొట్టు. తలుపు నేను తీస్తాను. కుర్చీలోంచి లేవాలి, హాలు దాటాలి, చాలాసేపు పడుతుంది. లోపల ఎవరూ లేరనుకుని రెండోసారి కొట్టకు, నన్ను తొందరపెట్టకు. నేను వచ్చేదాకా అక్కడే నిలబడు.

ఇట్లు,
మీ అక్క అత్తగారు